హస్సిసెన్ కొనె: బేరం జోరుగా ఉండగానే దుకాణం కట్టేసిన బ్యాండు

"ఎవరికీ తెలియని ఫిన్నిష్ పోస్ట్-పంక్ బ్యాండ్లు" (పోస్ట్-పంక్ అంటే పంక్ రాక్ వెనకాల వచ్చిన ధోరణి) అంటూ ఇంగ్లీషులో ఎవరో ఒకరు ఎప్పుడూ ఒక జాబితా వేస్తూనే ఉంటారు. అందులో హస్సిసెన్ కొనె పేరు కనబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికండీ తెలియనిది? ఫిన్లాండులో యాభై దాటిన మనిషిని నిద్రలో లేపి అడిగినా వాళ్ళ పాట ఒకటి పల్లవితో సహా పాడేస్తాడు. తెలియనిదల్లా లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కూర్చుని పాత రికార్డులు పోగేసే పిచ్చివాళ్ళకి. వాళ్ళ చెవిన పడకపోతే ఇక ప్రపంచంలో ఎవరి చెవినా పడనట్టే లెక్క.

సరే, అది చిన్న గొడవ. అసలు గొడవ వేరే ఉంది. ఆ జాబితాలు రాసేవాళ్ళు ఈ బ్యాండుని అరుదైన సరుకుగా చూస్తారు. ఇక్కడి అభిమానులేమో కుర్రతనపు జ్ఞాపకంగా చూస్తారు. ఇద్దరూ ఆ బ్యాండు ఏం మిగిల్చిపోయిందంటే పాటల వైపే వేలు చూపిస్తారు. పాటలు బాగుంటాయి, కాదనను. కానీ నన్నడిగితే, హిట్టయినదాన్నే మళ్ళీ మళ్ళీ వండి వడ్డించక్కర్లేదని ఇరవయ్యేళ్ళ వయసులో చేసి చూపించారు చూడండి, వాళ్ళు మిగిల్చిపోయింది అదీ. ఇది నేను ఫిన్లాండులోని ఎస్పోలో స్థిరపడి, ఈ దేశపు సంగీతం అంటే హెవీ మెటల్ రాక్ మాత్రమే అనుకునే మన తెలుగు మిత్రులతో చాలాసార్లు వాదించిన సంగతే. ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఊరు గురించి చెప్పాలి. యోయెన్‌సూ అనేది ఫిన్లాండు తూర్పు అంచున, ఉత్తర కరేలియాకి ముఖ్యపట్టణం. హెల్సింకీ నుంచి రైల్లో నాలుగున్నర గంటలు. చుట్టూ అడవి, సరస్సులు, కలప పని. 1944లో యుద్ధం ముగిశాక కరేలియాలో పెద్ద భాగం సోవియట్ యూనియన్‌కి పోయింది, నాలుగు లక్షల పైచిలుకు జనం ఇళ్ళూ వాకిళ్ళూ వదులుకుని ఇటు వచ్చేశారు. సరిహద్దు ఒక్కసారిగా యోయెన్‌సూకి దగ్గరగా జరిగింది. ఆ తర్వాత 1960ల్లో, 70ల్లో పల్లెల్లో పని లేక కుర్రకారంతా దక్షిణానికీ స్వీడన్‌కీ వలసపోయారు. బ్యాండ్లు పుట్టే ఊరేమీ కాదన్నమాట, పైకి చూస్తే. కానీ అక్కడి సంగీతగాళ్ళే ఒక సంఘంగా ఏర్పడి 1971 నుంచి ఇలోసారిరాక్ అనే పండగ నడుపుకుంటున్నారు. ఐరోపాలో ఇంకా నడుస్తున్న రాక్ పండగల్లో బాగా పాతవాటిలో అదొకటి.

1979లో ఆ ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు కలిశారు. పాట, గిటారు ఇస్మో అలంకో. రెండో గిటారు రెయ్యో హెయిస్కనెన్. బేస్ యుస్సి కిన్నునెన్, డ్రమ్స్ హర్రి కిన్నునెన్. బ్యాండుకి పేరు కావాల్సి వస్తే ఊళ్ళో ఉన్న ఒక కుట్టుమిషన్ల షాపు పేరు తీసి పెట్టుకున్నారు. మన రాజమండ్రి కుర్రాళ్ళు రాక్ బ్యాండు పెట్టి దానికి "సుబ్బారావు మెషిన్స్" అని బోర్డు కట్టినట్టు. ఆ కాలంలో బ్యాండ్లు చీకటి, చావు, యంత్రనగరం లాంటి పేర్లు వెతుక్కుంటుంటే వీళ్ళు బజార్లో కనిపించిన బోర్డుతో సరిపెట్టుకోవడం నాకు భలే నచ్చుతుంది.

1980లో ఫిన్లాండ్ రాక్ చాంపియన్‌షిప్ గెలిచారు. అదే ఏడు తంపెరెలోని పొకో రెకార్డ్స్ వాళ్ళ మొదటి ఆల్బమ్ వేసింది. దాని పేరు తాల్తా తుల్లాన్ వెనాయా, అంటే "రష్యా, కాచుకో, వచ్చేస్తున్నాం" అని. ఈ పేరులోని కొంటెతనం ఈ రోజు చప్పున అందదు. 1980 నాటి ఫిన్లాండు ఎగుమతుల్లో పెద్ద వాటా సోవియట్ యూనియన్‌కే పోయేది. పత్రికలు, నాయకులు పొరుగుదేశం గురించి ఆచితూచి మాట్లాడేవారు. కెక్కొనెన్ 1956 నుంచి అధ్యక్షుడిగా ఉన్నాడు. 1960లో పుట్టిన అలంకోకి ఊహ తెలిశాక ఇంకో అధ్యక్షుణ్ణి చూసే యోగమే పట్టలేదు. అటువంటి చోట, సరిహద్దు పక్క ఊరి కుర్రాళ్ళు దండయాత్రకి బయల్దేరినట్టు అట్ట మీద రాసుకున్నారు. తాతల తరానికి అది యుద్ధం. తండ్రుల తరానికి నోటికి తాళం. వీళ్ళు రెండింటినీ కలిపి వేళాకోళం చేశారు.

ఆ ఆల్బమ్ కాలంలోనే వచ్చింది రప్పియోల్లా. చెడిపోయాం, చెడిపోయి హాయిగా ఉన్నాం, మీకేంటి బాధ అనే ధోరణి పాట. వేగంగా గెంతుతూ పోతుంది, ఒకసారి వింటే వదలదు. రేడియో అప్పటికి ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉండేది, ప్రైవేటు స్టేషన్లు రావడానికి 1985 దాకా ఆగాలి. అయినా పాట దేశమంతా పాకిపోయింది.

ఇప్పటికీ పాకుతూనే ఉంది. మా ఆఫీసులో క్రిస్మస్ ముందు జరిగే పిక్కుయోలు పార్టీలో కరోకే పెట్టారు. మా అకౌంట్స్‌లో ఒకాయన ఉన్నారు, ఉత్తర కరేలియా మనిషే, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. లిఫ్టులో ఎదురైతే తలూపడం తప్ప మాట్లాడగా నేను చూడలేదు. ఆయన మైకు అందుకుని రప్పియోల్లా అడిగారు. తెరకి వీపు పెట్టి నిలబడ్డారు, సాహిత్యం చూడాల్సిన పని లేదు మరి. ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తూ, మధ్యలో అలంకో గొంతు కీచుమనే చోటల్లా తనూ కీచుమంటూ, ఒక్క మాట తడబడకుండా పాడేశారు. బల్లలు విరిగేలా చరిచారు జనం. ఆయన మైకు పక్కవాళ్ళకిచ్చి, వచ్చి తన కుర్చీలో కూర్చుని, ప్లేటులో మిగిలిన దుంపల క్యాసరోల్ తినడం మొదలుపెట్టారు. ముఖంలో ఏ మార్పూ లేదు.

నాకు ముచ్చటేసింది. కాసేపటికి చిరాకూ వేసింది. ఉద్యోగం, ఇంటి అప్పు, వేసవి కుటీరం అన్నీ అమర్చుకున్న మనుషులం ఏడాదికోసారి ఆ పాట పాడుకుని మళ్ళీ ఎక్సెల్ షీట్లలోకి వెళ్ళిపోతున్నాం. పెద్దమనుషుల్ని వెక్కిరించడానికి పుట్టిన పాటని పెద్దమనుషులే దత్తత తీసుకున్నారు. ప్రజాదరణ పొందిన ప్రతి పాటకీ జరిగేదే ఇది, దానికి ఎవర్నీ తప్పుపట్టలేం. కానీ ఈ కరోకే ప్రేమనే ఆ బ్యాండు సాధించిన ఘనతగా లెక్కగడితే మాత్రం నేనొప్పుకోను. ఎందుకంటే ఆ ఆల్బమ్ తర్వాత వాళ్ళు చేసిన పని చూడండి.

రప్పియోల్లా అంత హిట్టయ్యాక ఎవరైనా ఏం చేస్తారు? రప్పియోల్లా రెండో భాగం చేస్తారు. వీళ్ళు 1981లో రుమత్ సావెలెత్ అని ఆల్బమ్ తెచ్చారు. పేరుకే అర్థం "వికారపు రాగాలు". అట్ట మీదే వద్దు పొమ్మన్నట్టు లేదూ! అందులో యురోత్ నుయొరిసొయుల్కిక్సెత్ అని ఒక పాట ఉంది: ముభావంగా ముఖం మాడ్చుకుని తిరిగే కుర్ర సెలబ్రిటీల మీద. ఆ కుర్ర సెలబ్రిటీలు అప్పటికి ఎవరో వేరే చెప్పక్కర్లేదు, వీళ్ళే. ఏడాది కిందట దొరికిన పేరుని ఏడాది తిరక్కుండా వెటకారం చేసుకున్నారు. నా దృష్టిలో మూడింటిలోనూ బాగా బిగువైన ఆల్బమ్ ఇదే. గిటార్లు పంక్‌లోలాగా గోడలా మీద పడవు, గీరుతుంటాయి. పాటని నడిపించే బాధ్యత బేస్ తీసుకుంటుంది. అలంకో గొంతు ఒక వాక్యంలో పాఠం చెబుతున్నట్టు ఉంటుంది, తర్వాతి వాక్యంలో ఎవరో గిల్లినట్టు అరుస్తుంది.

ఇక 1982లో హర్సోయినెన్ తెరాస్. (తెరాస అని పిలిచిన మన పార్టీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, "మేలిముసుగు ఉక్కు" లాంటి అర్థం.) ఇది విన్నవాడు మొదటి ఆల్బమ్ బ్యాండే ఇదని పోల్చుకోవడం కష్టం. శాక్సఫోన్, కీబోర్డులు, అదనపు తాళవాద్యాలు వచ్చి చేరాయి. పాటలు పొడుగయ్యాయి. బేస్, డ్రమ్స్ ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంటే మిగతా వాద్యాలు వచ్చి వాలి లేచిపోతుంటాయి. పల్లవి ఎప్పుడొస్తుందా అని చూసేవాడికి పల్లవి రాదు. అమెరికాలో టాకింగ్ హెడ్స్ అనే బ్యాండు వెళ్తున్న దారి వీళ్ళ చెవిన పడిందని వినగానే తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే ఇందులో కొన్నిచోట్ల సాగదీత ఉంది, ఒకట్రెండు పాటలు నేను దాటవేస్తాను కూడా. అయినా రెండేళ్ళలో ఆ మొదటి గెంతులాట నుంచి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు. కాలేజీలో సప్లీలు రాసుకునే వయసు కదా అది!

ఆ ఆగస్టులో బ్యాండు ఆపేశారు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే 1981 వేసవిలోకి ఒకసారి వెళ్ళాలి. ఫిన్లాండులోకెల్లా పెద్ద సరస్సు సాయ్‌మా. ఆ వేసవిలో మూడు బ్యాండ్లు ఒక ఆవిరి నౌక ఎక్కి, ఒడ్డున ఉన్న ఊళ్ళ దగ్గర ఆగుతూ కచేరీలు చేశాయి. అకి, మికా కౌరిస్మాకి అన్నదమ్ములు కెమెరా పట్టుకుని వెంట వెళ్ళారు. అలా తయారైంది సాయ్‌మా-ఇల్మియొ అనే డాక్యుమెంటరీ. దర్శకుడిగా అకి పేరు పడిన మొదటి సినిమా అదే. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి వెళ్ళే మనవాళ్ళు ఆయన తర్వాతి సినిమాలు చూసే ఉంటారు. ఆ నౌక మీద ఉన్న మూడు బ్యాండ్లు: యుయిసె లెస్కినెన్ బృందం, ఎప్పు నోర్మాలి, హస్సిసెన్ కొనె. ముగ్గురూ ఫిన్నిష్‌లోనే పాడేవాళ్ళు. కచేరీల కన్నా నాకు ఆ సినిమాలో మధ్యమధ్య వచ్చే మాటలంటే ఇష్టం. డెక్కు మీద కూర్చుని, చేతిలో సీసాతో, మేం ఎందుకు పాడుతున్నాం, ఎవరికి పాడుతున్నాం అని చెప్పడానికి తంటాలు పడుతుంటారు. ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు.

ఆ నౌక దిగాక ముగ్గురూ మూడు దారులు పట్టారు. యుయిసె అప్పటికే పెద్ద పేరున్న కవి, 2006లో పోయేదాకా దేశానికి ముద్దుబిడ్డగానే ఉన్నాడు. ఎప్పు నోర్మాలి పంక్‌తో మొదలైన బ్యాండే. వాళ్ళు మెల్లగా అంచులు అరగదీసుకుంటూ, అందరూ పాడుకునే పాటల వైపు జరిగారు. 1996లో వాళ్ళ హిట్ల సంకలనం ఒకటి వచ్చింది, ఈ దేశంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌ల సరసన చేరింది. నేను వాళ్ళని చిన్నబుచ్చడం లేదు. వాళ్ళ పాటల్లో పెళ్ళిలో పాడేవీ ఉన్నాయి, మనిషి పోతే పాడేవీ ఉన్నాయి, అంత కలిసిపోయారు జనంలో. హస్సిసెన్ కొనెకి కూడా ఆ దారి తెరిచే ఉంది. అదే కంపెనీ, అదే వేసవి, అదే నౌక. రప్పియోల్లా లాంటి పాట చేతిలో ఉన్నవాళ్ళకి అదేమంత కష్టమైన దారీ కాదు. అటు వెళ్ళలేదు.

అలంకో 1983లో సియెలున్ వెల్యెత్ అనే కొత్త బ్యాండుతో తేలాడు. దాని మొదటి ఆల్బమే కచేరీలో రికార్డు చేసింది. సాధారణంగా నాలుగైదు ఆల్బమ్‌లు అయ్యాక, అభిమానులు కూడాక వేసుకునేవి లైవ్ రికార్డులు. వీళ్ళు దాంతోనే మొదలుపెట్టారు. హర్సోయినెన్ తెరాస్‌లో ఉన్న నగిషీ అంతా ఊడ్చిపారేసి, డొక్కు ఇనుము మీద కొట్టినట్టుండే మోత మిగిల్చారు. 1980ల చివరికి ఆ బ్యాండు కూడా చల్లబడి శబ్దం మార్చుకుంది. 1990లో అలంకో సొంత పేరు మీద ఆల్బమ్ వేశాడు, "ఫిన్లాండు చెట్టు మీంచి పడ్డప్పుడు" అని. అడవిలోంచి అపార్ట్‌మెంట్లలోకి ఒక్క తరంలో వచ్చిపడిన జనం గురించి. తర్వాత ఇంకో బృందం, అందులో అకార్డియన్ వాయించడానికి కిమ్మొ పోహ్యొనెన్. ప్రతిసారీ పాత బోర్డు దించి కొత్త బోర్డు. ఆ అలవాటుకి మొదటి మెట్టు 1982 ఆగస్టు.

ఇక్కడ ఎవరైనా నిలదీయవచ్చు: ఇది బ్యాండు ఘనత ఎలా అవుతుంది, ఒక మనిషి నిలకడలేనితనం కదా? నిజంగా గట్టి ప్రశ్న. ఈ కథ ఎవరు రాసినా, నేను రాస్తున్నా కూడా, మూడో పేరాకే "అలంకో, అలంకో" అయిపోతుంది. మిగతా ముగ్గురూ అడుగున పడిపోతారు. పాటలు ఎక్కువగా రాసింది అతనే, నిజమే. కానీ రుమత్ సావెలెత్‌ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాటని పక్కన పెట్టి బేస్, డ్రమ్స్ మాత్రమే పట్టుకుని వినండి. హిట్టు ఫార్ములా వదిలేసే ధైర్యం గొంతులో కన్నా ముందు అక్కడ వినబడుతుంది. ఎక్కడ గెంతాలో అక్కడ గెంతకుండా ఆపుకోవడం డ్రమ్మర్ చేతిలో పని. మూడేళ్ళలో మూడు రకాల వాయింపు నేర్చుకున్నది ఆ నలుగురూ. తర్వాత కీర్తి ఒక్కరి ఖాతాలో పడటం మాత్రం అన్యాయమే, దానికి నా దగ్గర సమాధానం లేదు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. అంత గొప్పగా ఆపేసినవాళ్ళు 2000లో మళ్ళీ ఎందుకు కలిశారు? అవును, కలిశారు. సొంత ఊళ్ళో, ఇలోసారిరాక్‌లో వాయించారు. "ఇరవై ఏళ్ళ తర్వాత" అని లైవ్ రికార్డు కూడా వేశారు. 2011లో సియెలున్ వెల్యెత్ కూడా అలాగే తిరిగొచ్చింది. నాకిది పెద్ద ఇబ్బందిగా అనిపించదు. పాత మిత్రులు ఒక వేసవిలో కలిసి పాత పాటలు వాయించుకోవడం వేరు, ఆ పాటల మీద ఇల్లు కట్టుకుని అద్దెలు వసూలు చేసుకోవడం వేరు. ఆ కలయిక తర్వాత హస్సిసెన్ కొనె పేరుతో కొత్త స్టూడియో ఆల్బమ్ రాలేదు. వచ్చారు, వాయించారు, వెళ్ళిపోయారు.

మూడోది, నా మెటల్ మిత్రుల వాదన: ప్రపంచంలో ఎవరూ వినకపోతే ప్రభావం ఏమిటి? వాళ్ళు చూపించే ఉదాహరణలు బలమైనవే. హస్సిసెన్ కొనె పుట్టిన 1979లోనే హెల్సింకీలో హనోయ్ రాక్స్ పుట్టింది. ఇంగ్లీషులో పాడారు, స్టాక్‌హోమ్, లండన్ వెళ్ళారు, తర్వాతి కాలపు అమెరికన్ రాక్ బ్యాండ్లు వాళ్ళ వేషం, పోకడ ఎత్తుకున్నాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ నైట్‌విష్ అనే మెటల్ బ్యాండు. అదీ ఉత్తర కరేలియాలోని కితే అనే చిన్న ఊరిదే, యోయెన్‌సూకి పెద్ద దూరం లేదు. ప్రపంచమంతా తిరిగింది. అలంకో కూడా ఆ తలుపు తట్టకపోలేదు: సియెలున్ వెల్యెత్ బయటి దేశాల్లో లామూర్దర్ అనే పేరుతో ఇంగ్లీషులో పాడి చూసింది, పెద్దగా ఎగరలేదు. ఎందుకు ఎగరలేదో ఆ రికార్డింగులు వింటే నాకైతే అర్థమవుతుంది. ఫిన్నిష్‌లో ఒక్కో అచ్చునీ సాగదీసి, కొరికి, ఉమ్మి పాడే మనిషి ఇంగ్లీషులో జాగ్రత్తపరుడైపోతాడు.

అలాగని ఫిన్నిష్‌లో రాక్ పాడించింది వీళ్ళేనని చెప్పను. 1970ల్లో హరికేన్స్ లాంటి బ్యాండ్లు ఇంగ్లీషులో ఊపేస్తున్నప్పుడే యుయిసె, డేవ్ లిండ్‌హోల్మ్ లాంటివాళ్ళు సొంతభాషలో పాడి ఆ దారి వేశారు. హస్సిసెన్ కొనె వేసిన దారంతా ఆ తర్వాతిది: జనానికి అర్థమయ్యే భాషలోనే పాడుతూ కూడా జనం కోరినట్టు పాడకపోవడం. పరభాషలో పాడేవాడికి ఈ చిక్కు రాదు, వాడి శ్రోతలు ఎక్కడో ఉంటారు. యోయెన్‌సూ కుర్రాళ్ళ శ్రోతలు మాత్రం పక్క వీధిలోనే ఉన్నారు. కిరాణా కొట్టు దగ్గర కనబడి "ఆ పాట లాంటిది ఇంకోటి ఎప్పుడు చేస్తారు?" అని అడగగలిగేంత దగ్గర్లో. అప్పట్లో దేశం మొత్తం జనాభా 48 లక్షలు. మన రెండు జిల్లాలు కలిపితే వచ్చే లెక్క. అంత చిన్న మార్కెట్లో ఒకసారి దొరికిన శ్రోతని పోగొట్టుకుంటే ఇంకొకడు దొరుకుతాడన్న భరోసా లేదు. అందుకే ఆ 1982 నిర్ణయానికి నేను ఇంత విలువ కడుతున్నాను. లండన్ బ్యాండు ఒకటి ఆపేస్తే దాని వెనక మరో పెద్ద కంపెనీ, మరో దేశం ఉంటాయి.

హైదరాబాద్ కాలేజీ ఫెస్టుల్లో తెలుగు కుర్రాళ్ళు ఇంగ్లీషు రాక్ కవర్లు వాయిస్తుంటే విని పెరిగినవాణ్ణి కాబట్టి ఇదంతా నాకు ఎక్కువగా తగులుతుందేమో. మన దగ్గర సినిమా పాట అనే మహాసముద్రం ఉంది, ఇక్కడి లెక్కలు అక్కడికి అతకవు. ఆ పోలిక ఇంకా లాగను.

ఇది చదివి వినాలనిపించినవాళ్ళకి ఒక మాట. హిట్ల సంకలనంతో మొదలుపెట్టకండి. అందులో మూడు ఆల్బమ్‌ల పాటలూ కలగాపులగంగా పడి, ఏది దేన్ని కాదనుకుని పుట్టిందో తెలియకుండా పోతుంది. రుమత్ సావెలెత్ ముందు వినండి. నచ్చితే వెనక్కి మొదటి ఆల్బమ్‌కి, ఆపైన హర్సోయినెన్ తెరాస్‌కి. దాని వెంటనే గుక్క తిప్పుకోకుండా సియెలున్ వెల్యెత్ 1983 లైవ్ రికార్డు పెట్టండి, వాల్యూమ్ మాత్రం ముందే కాస్త తగ్గించుకుని.